బాతు గురించి ఒక పేజీ

జూన్ 3, మంగళవారం

బాతు చచ్చిపోయాడు.

పేపర్లో చూశాను. ల్యాబ్‌లో కట్టుడుపళ్ల అచ్చులకి ప్లాస్టర్ కలిపేటప్పుడు బల్ల మీద పాత పేపర్లు పరుస్తాం. ఇవాళ పరిచింది శుక్రవారం పేపరు. చేతిలో ప్లాస్టర్ గిన్నె, కింద వాడి ఫొటో. మెడలో విజిలు. స్విమ్మింగ్ పూల్ మోటారు గదిలో కరెంటు షాకు, కోచ్ మృతి, వయసు ఇరవై ఎనిమిది. మొత్తం ఆరు లైన్లు. పక్కన మిక్సీల ప్రకటన ఇంతకన్నా పెద్దది.

గిన్నెలో ప్లాస్టర్ గడ్డకట్టింది. ఏంటి, నిలబడే నిద్రపోతున్నావా అన్నాడు ఓనరు. లేదండి అన్నాను. వేరే పేపరు పరిచి ఇంకో గిన్నె కలిపాను.

జూన్ 4

పనికి వెళ్లాను. పైదవడ సెట్టు ఒకటి, కిందదవడవి రెండు.

జూన్ 7, శనివారం, మధ్యాహ్నం

ఎవరికి చెప్పను? చెప్పాలంటే మొదట వాడెవడో చెప్పాలి.

డిగ్రీ ఫస్టియర్లో నా పక్క బెంచీ. పాదాలు రెండూ బయటికి తిప్పి నడిచేవాడు, అందుకే బాతు. నీళ్లలో దిగాక మాత్రం ఎవరూ నవ్వేవాళ్లు కాదు. నాకు వాడు పెట్టిన పేరు కామా. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఆగిపోతానట. ఆ పేరుకి ఇంకో అర్థం ఉందిరా అన్నాను ఒకసారి. తెలిసే పెట్టాను అన్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ తెలుసు.

పది నెలలు. వాళ్ల మేడ మీద ఒక గది ఉండేది, చదువుకోడానికని. నేను కవితలు రాసి తీసుకెళ్లేవాణ్ణి. వాడికి కవితలంటే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. చదవరా అనేవాడు, కళ్లు మూసుకునేవాడు, రెండో పేరాకి గురక. లేపితే, చాలా బాగుంది, చివర్లో ఆ వర్షం ఇంకా బాగుంది అనేవాడు. చివర్లో వర్షం ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం తలుపు తెరుచుకుంది.

సాయంత్రానికి వాళ్ల నాన్న మా ఇంటికొచ్చాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు, పక్కింటికి వినబడకుండా. అరిచి ఉంటే బాగుండేది. మావాడే చెప్పాడు, మీవాడే వాడి మీద పడ్డాడని, అన్నాడు మా నాన్నతో. ఇంకా చాలా అన్నాడు. అవి రాయను. అమ్మ హాస్పిటల్లో ఆయా, అప్పుడు డ్యూటీలో ఉంది. నాన్న బస్సు డ్రైవరు, ఆ రోజు ఆఫ్. అంతా విన్నాడు. ఆయన వెళ్లాక లేచి తలుపేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఏడేళ్లు, పోయేదాకా, అనలేదు. వాణ్ణి తినమను, వాణ్ణి లైటు ఆపమను, అని అమ్మతో చెప్పేవాడు. ఎందుకో అమ్మకి ఇప్పటికీ తెలీదు.

కవితలు మానలేదు. తెలుగులో ఒక సుఖముంది. నేను, నువ్వు అని రాసుకుంటూ పోతే ఎవరు ఆడో ఎవరు మగో బయటపడదు. వచ్చావు, వెళ్లావు. వచ్చాడు అంటేనే దొరికిపోతాం. వారపత్రికలో పద్నాలుగు కవితలు వచ్చాయి నావి. అన్నీ నువ్వులే. అమ్మ వాటిని కత్తిరించి దాచుకుంటుంది. ఆ పిల్లెవరో చెప్పరా, నేనేమన్నా అడ్డం పడతానా అంటుంది.

జూన్ 11, బుధవారం

వాడి చెల్లెలు ఫోన్ చేసింది.

కవిత కింద ఫోన్ నంబరు వేస్తారు కదా, అక్కడ పట్టుకుందట. అన్నా, నువ్వు మా అన్నయ్య కాలేజీ ఫ్రెండువి కదా అంది. అవునన్నాను. పూల్ వాళ్లు ఈ నెల ఇరవై ఎనిమిదిన సంతాపసభ పెడుతున్నారట, చిన్న పుస్తకం వేస్తారట. కోచ్‌లు, పిల్లల తల్లిదండ్రులు తలా కొంచెం రాస్తున్నారట. నువ్వు రైటర్‌వి కదన్నా, ఒక్క పేజీ చాలు అంది.

సరేనన్నాను. అలా ఎందుకన్నానో తెలీదు.

జూన్ 12

ఒక పేజీ.

వాణ్ణి ఆఖరిసారి చూసింది రెండేళ్ల కిందట, మా ల్యాబ్‌లోనే. నేనిక్కడ పనిచేస్తానని వాడికి తెలీదు. చేతిరుమాల్లో ఏదో చుట్టుకుని వచ్చాడు. ఓనరు బల్ల ముందు విప్పాడు. వాళ్ల నాన్న కట్టుడుపళ్లు. నడిమికి రెండు ముక్కలు. నేను లోపలి గదిలో ఉన్నాను, మధ్యలో అద్దం. పాలిష్ మోటారు తిరుగుతూనే ఉంది. నేను ఆపలేదు, తల ఎత్తలేదు. ముఖానికి మాస్కు ఎలాగూ ఉంది. వాడు ఐదు నిమిషాలు నిలబడి, చీటీ తీసుకుని, ఆ నడకే నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ సెట్టు నా బల్ల మీదికే వచ్చింది. ఆ మాటలన్నీ ఈ పళ్ల మధ్య నుంచే వచ్చాయి. ముక్కలు కలిపి అతికించాను, ఉడకబెట్టాను, పాలిష్ పట్టాను. కావాలంటే ఒక పన్ను వెంట్రుకవాసి ఎత్తుగా వదలొచ్చు. నమిలినప్పుడల్లా చిగురు నొక్కుకుంటుంది. ఎవరికీ తెలీదు. వదల్లేదు. మంచితనం కాదు. పని పాడుచేయడం చేతకాలేదు.

మర్నాడు తీసుకెళ్లడానికి వాడొచ్చే టైముకి నేను భోజనానికి వెళ్లిపోయాను.

జూన్ 15, ఆదివారం

రాశాను. మంచి ఈతగాడు, మంచి మనసు, ఎప్పుడూ నవ్వు, మిత్రులకు తీరని లోటు. ఇరవై నిమిషాలు పట్టింది. ఒక్క కొట్టివేత లేదు. సిగ్గేసింది.

జూన్ 17, మంగళవారం

లంచ్ టైములో వాడి చెల్లెలు ల్యాబ్ ఎదురు టీ కొట్టు దగ్గరికి వచ్చింది. పదమూడేళ్ల పిల్లగా చూశాను, ఇప్పుడు ఫార్మసీలో పని చేస్తోందట. కనుబొమ్మలు వాడివే. ఎటు చూడాలో తెలీలేదు.

పేజీ చదివింది. మడిచి బ్యాగులో పెట్టుకుంది. బాగుందన్నా అంది. టీ గ్లాసు పక్కకి జరిపి, ఇది ఎవరి గురించైనా రాయొచ్చు కదా అంది.

నేను అడగకూడదనుకున్నది అడిగేశాను. వాడి సామాన్లలో పాత కాగితాలేమైనా ఉన్నాయా, నేనిచ్చినవి?

మొత్తం నేనే సర్దానన్నా అంది. ఒక ట్రంకు పెట్టె. సర్టిఫికెట్లు, మెడళ్లు, పాత గాగుల్స్, విజిళ్లు ఏడు. కాగితాలు లేవు. ఫొటోలు చూశావా అన్నాను. కాలేజీవి లేవంది. నా పేరు ఎప్పుడైనా ఎత్తాడా? లేదంది. అబద్ధం చెప్పడం రాని పిల్ల. చెప్పి ఉంటే నమ్మేవాణ్ణి.

వాడికి సంబంధం కుదిరిందట. వచ్చే నెల మాట అనుకోవాల్సిందట. అమ్మాయి టీచరు. వాడే ఒప్పుకున్నాడట. బలవంతం ఏమీ లేదట. నవ్వుతూనే ఒప్పుకున్నాడట.

టీ చల్లారిపోయింది. ఇద్దరం తాగలేదు.

జూన్ 18

నలభై ఒక్క కవితలిచ్చాను. ఒక్కటీ లేదు.

జూన్ 19, గురువారం, సాయంత్రం

ఒళ్లంతా మండిపోతోంది. తొమ్మిదేళ్లు నేను మోసుకు తిరిగానే, వాడు ఏడు విజిళ్లు దాచుకుని నన్ను పారేశాడా? ఎక్కడ పారేశాడు? చించాడా, కాల్చాడా? లేక వాళ్ల నాన్నే ఆ రోజు ఎత్తుకుపోయాడా? ఇప్పుడు అడగడానికి మనిషే లేడు.

పొద్దున్నే ఇంకో సంగతి తట్టింది. ఆ గది, ఆ పది నెలలు, ఆ గురక, ఇవన్నీ తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకడు పోయాడు. కాగితం లేదు, ఫొటో లేదు, సాక్షి లేడు. నన్ను రేపు ఏ బస్సో గుద్దితే అది ఎప్పుడూ జరగనట్టే.

నాకు జ్వరమని ఓనరుకి ఫోన్ చేసి, రాయడానికి కూర్చున్నాను. ఈసారి నువ్వు లేదు. బాతు అని మొదలుపెట్టాను. వాడు వచ్చాడు. వాడు నా భుజం మీద తల పెట్టాడు. తొమ్మిదేళ్లు కాళ్లు ముడుచుకుని కూర్చున్నవాడు లేచి నిలబడితే ఎలా ఉంటుందో అలా. నొప్పి, తిమ్మిరి.

కవిత కూడా కాదిది. ఉన్నదున్నట్టు. వాడి పాదాలు. క్లోరిన్ వాసన వేసే జుట్టు. ఎడం చెవి వెనక కాలిన మచ్చ. నన్ను మొదటిసారి ముద్దు పెట్టుకున్నప్పుడు నవ్వొచ్చి ఆపేసి, సారీ, మళ్లీ పెడతా ఉండు, అన్న మాట.

ఆరు పేజీలయ్యాయి. ఆగిపోయాను. ముందుకి వెళ్లడం లేదు.

జూన్ 22, ఆదివారం

ఎందుకు ఆగిందో తెలిసింది. అబద్ధం దగ్గర ఆగింది.

నా పద్నాలుగు కవితల్లోనూ ఒకటే కథ. నువ్వు నన్ను వదిలేశావు, మళ్లీ రాలేదు, నేను ఎదురుచూస్తున్నాను. చదివినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. రాసీ రాసీ నేనూ నమ్మాను.

వాడొచ్చాడు.

తలుపు తెరుచుకున్న వారానికి. మా ఇంటెదురు జెరాక్స్ షాపు దగ్గర నిలబడ్డాడు, పొద్దున పదింటికి. కిటికీలోంచి చూశాను. ముఖం వాచి ఉంది. పెదవి దగ్గర కట్టు. రెండో రోజు మళ్లీ వచ్చాడు. నేను సంచీ తగిలించుకుని వాడి ముందు నుంచే నడిచాను. కామా, అన్నాడు. నేను తల తిప్పలేదు. నీ నోటితో నువ్వే చెప్పావుగా నేను మీద పడ్డానని, అన్నది నా మనసులో మాట. కొడితే చెప్పాడు. ఆ వాపు చూస్తే ఎవడికైనా తెలుస్తుంది. నాకూ తెలిసింది. తెలిసే నడిచాను. మూడో రోజూ వచ్చాడు. నేను బయటికే వెళ్లలేదు. గంటన్నర నిలబడ్డాడు. వర్షం పడింది. నాలుగో రోజు రాలేదు.

ఇది ఎప్పుడూ ఎక్కడా రాయలేదు. ఈ డైరీలో కూడా, ఇదే మొదటిసారి. ఇప్పుడు ఆ పేజీల్లోనూ రాశాను. ఎనిమిది పేజీలయ్యాయి.

ఏడవలేదు. వాంతి చేసుకున్నాను. అమ్మ కొంచెం మజ్జిగ తాగరా అంది.

జూన్ 24, మంగళవారం

చెల్లెలికి ఎనిమిది పేజీలూ ఇచ్చాను. ఎందుకిచ్చానో నాకు తెలుసు. ఇంకొకరికి తెలియాలి.

ల్యాబ్ బయటి బెంచీ మీద కూర్చుని చదివింది. నేను లోపల మైనంలో పళ్లు గుచ్చుతున్నాను. నాలుగు పళ్లు వంకరగా పెట్టి మళ్లీ పీకాను. బయటికి వచ్చేసరికి కాగితాలు ఒళ్లో పెట్టుకుని రోడ్డు చూస్తోంది.

తలుపు తీసింది నేనే అన్నా అంది.

తెలుసన్నాను. తెలీదు నాకు. గాలికి తెరుచుకుందో, వాళ్లమ్మ తీసిందో, ఎప్పుడూ ఆలోచించలేదు.

కిందికి పరిగెత్తి నాన్నకి చెప్పిందీ నేనే అంది. నాకప్పుడు పదమూడు, వింతగా అనిపించింది, చాడీ చెప్పాలనిపించింది, అన్నయ్యని అంతలా కొడతారని తెలీదు. బెల్టుతో కొట్టారు. అన్నయ్య నన్ను ఒక్క మాట అనలేదన్నా. ఆ రోజు నుంచి నా గదిలోకి వచ్చేముందు తలుపు కొట్టేవాడు. తెరిచే ఉన్నా కొట్టేవాడు. తొమ్మిదేళ్లు కొట్టాడు. పోయే ముందు రోజు కూడా, అని ఆగిపోయింది.

నా మీద కోపంగా ఉందా అన్నా అని అడిగింది.

పర్లేదమ్మా, చిన్నపిల్లవి అనాలి. నోట్లో అదే ఉంది. రాలేదు. వెళ్లు, నీకు లేటవుతుంది, అన్నాను. ఆ మాటకి ఆ అమ్మాయి ముఖం ఎలా అయిపోయిందో రాయలేను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఉంది. కానీ తీసుకుని దాని బదులు ఏం పెట్టాలో ఇప్పటికీ తెలీదు.

వెళ్లేముందు అంది, పుస్తకంలో ఇది వేయలేం, నాన్న తట్టుకోలేడు, మొదటి పేజీయే ఇస్తాను. ఇవి మాత్రం నా దగ్గర ఉంచుకోనా? ఉంచుకో అన్నాను. జెరాక్స్ నా దగ్గరుంది.

జూన్ 28, శనివారం

సంతాపసభ. పూల్ పక్కన టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు. నీళ్లు ఖాళీ చేశారు. నీలం పలకలు, అడుగున ఎండిన ఆకులు, ఎవరిదో ఒక చెప్పు. మోటారు గదికి కొత్త తాళం. ఎవరూ అటు చూడటం లేదు. మాట్లాడినవాళ్లంతా విధి అన్నారు. వైరు అని ఒక్కరూ అనలేదు.

పుస్తకం పంచారు. నా పేజీ పదకొండోది. మంచి ఈతగాడు అని రాస్తే మంచి ఆటగాడు అని పడింది. ఎవరికీ పట్టలేదు.

వాళ్ల నాన్న మొదటి వరసలో ఉన్నాడు. సగానికి సగం అయిపోయాడు. నేను వెనక గేటు నుంచి జారుకుందామనుకుంటే చెల్లెలు చూసింది, ఆపలేదు, పిలవలేదు. ఆయనే పిలిచాడు. బాబూ, ఇలా రా. నువ్వెవరు, మావాడి ఫ్రెండువా?

నన్ను గుర్తుపట్టలేదు.

తొమ్మిదేళ్లు ఈ మనిషి ఎదురుపడితే ఏమనాలో నేను రోజూ సిద్ధం చేసుకున్నాను. స్నానం చేస్తూ, బస్సులో, మైనం కరిగిస్తూ. మా ఇంట్లో ఏడేళ్ల మౌనం పెట్టి వెళ్లినవాడు. ఆయనకి నేనెవరో కూడా గుర్తు లేదు. నా చేయి పట్టుకున్నాడు. మావాడు మంచివాడు కదా బాబూ, ఎవరినీ నొప్పించేవాడు కాదు కదా, అన్నాడు. నోరు తెరిచినప్పుడు పళ్లు కనిపించాయి. గట్టిగా కూర్చున్నాయి. అతుకు ఎక్కడో నాకే తెలీలేదు.

అవునండి అన్నాను.

జూలై 2, బుధవారం

అమ్మ మధ్యాహ్నం డ్యూటీకి బయల్దేరేముందు చెప్పేశాను. జెరాక్స్ చేతికిస్తే చదవలేదు, నోటితో చెప్పు అంది. చెప్పాను. ఆ పిల్ల కాదమ్మా, పిల్లాడు. పోయాడు.

నిలబడ్డది కూర్చుంది. అందుకా మీ నాన్న నీతో మాట్లాడనిది, అంది. అవునన్నాను. ఏడేళ్లు మీ ఇద్దరి మధ్యా అన్నం గిన్నె జరిపింది నేనురా అంది. ఈ మాట వాడితో చెప్పు, ఆ మాట ఆయనతో చెప్పు అని, ఎందుకో తెలీకుండా నౌకరులా తిరిగాను. ఏం పాపం చేశానో అని నన్ను నేనే తిట్టుకున్నాను. తండ్రీకొడుకులు ఇద్దరూ కలిసి నన్ను బయట నిలబెట్టారు కదరా.

ఆ దెబ్బ వస్తుందనుకోలేదు. వేరే దెబ్బకి ఒళ్లు సిద్ధం చేసుకుని కూర్చున్నాను.

జూలై 3

డ్యూటీ నుంచి నేరుగా పిన్ని ఇంటికి వెళ్లిపోయింది.

జూలై 9, బుధవారం

తిరిగొచ్చింది. బట్టల సంచీ కూడా దించకుండా అడిగింది, పొడుగ్గా ఉండేవాడు, వంకరగా నడిచేవాడు, వాడేనా అని. అవునన్నాను. మనింట్లో రెండుసార్లు తిన్నాడు, కంచం తనే కడిగాడు, అంది. నాకు గుర్తే లేదు ఆ సంగతి.

ఒప్పుకున్నట్టు కాదు. నాకిది మింగుడు పడదు, పడుతుందని ఆశ పెట్టుకోకు, అని కూడా అంది. కత్తిరించి దాచిన కవితలు అల్మారాలో లేవు. అడగలేదు.

జూలై 15

ఎనిమిది పేజీలూ వారపత్రికకి పంపాను. వాళ్లెవరో తెలిసే గుర్తులేమీ లేకుండా. నా పేరు మాత్రం ఉంది.

జూలై 21, సోమవారం

ఎడిటర్ గారు ఫోన్ చేశారు. చాలా బాగుందండి, కాకపోతే అంతటా వాడు అని టైపయింది, ఆమె అని దిద్దించమంటారా అన్నారు. దిద్దద్దండి, వాడే, అన్నాను. అవతల కుర్చీ కిర్రుమంది. మరి ఫోన్ నంబరు తీసేద్దామా, మీ క్షేమం కోరే అడుగుతున్నాను, అన్నారు. ఆలోచించాను. ఉండనివ్వండి అన్నాను.

ఆగస్టు 3, ఆదివారం

పత్రికలో వచ్చింది. పందొమ్మిది ఫోన్లు. పన్నెండు బూతులు. ఒకాయన నాకు మందు చెప్పాడు, ఉసిరికాయ పొడిలాంటిదేదో. ఒకటి మాత్రం, హలో అంటే పలకదు, ఊపిరి వినబడుతోంది. పెట్టేయబోతే, ఏ ఊరివాడో, నా వయసువాడే, ఆ మూడో రోజు మీరు బయటికి వెళ్లుంటే ఏమయ్యేదండి అన్నాడు. తెలీదన్నాను. నేను వెళ్తాను అన్నాడు. పెట్టేశాడు. ఎక్కడికో, ఎవరి దగ్గరికో.

ఆగస్టు 5

ఓనరు పత్రిక చూశాడు. భోజనానికి వేరే బల్ల దగ్గర కూర్చున్నాడు. మూడింటికి వచ్చి, ఆ పైదవడ సెట్టు రేపటికి కావాలి, అన్నాడు.

చెల్లెలికి మెసేజ్ పెట్టాను. ఆ రోజు నువ్వు అడిగినదానికి జవాబు ఇంకా రాలేదు, వచ్చినప్పుడు చెప్తాను, అని. సరే అన్నా, అని వచ్చింది.

ఆగస్టు 29, శుక్రవారం

పొద్దుట్నుంచీ చేతినిండా పని. సాయంత్రం బస్సులో సీటు దొరికింది. ఇవాళ వాడు ఒక్కసారి కూడా గుర్తు రాలేదని అప్పుడు గుర్తొచ్చింది.

భయం వేసింది. తర్వాత ఆకలి వేసింది.